తల్లిచేపకు సూది: మత్తుతొట్టి కన్నా ముందు మంచినీళ్ల తొట్టి

నాగావళి, వంశధారల్లోకి కొత్తనీరు దిగిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చేపపిల్లల పని ఊపందుకుంటుంది. 8 కిలోల ఆడ బొచ్చెకు గుడ్లు పెట్టించే హార్మోన్ మందు ఓవాప్రిమ్ 3.2 నుంచి 4 మి.లీ. ఎక్కించాలి. ఇద్దరు మనుషులు తడిగోనెతో అదిమిపట్టి ఈ పని చేస్తే చేప ఒక్క తోకదెబ్బకు సూది వంగుతుంది, ఖరీదైన మందు నేలపాలవుతుంది. పొలుసులూ ఊడతాయి. జిగురు పోయిన ఆ చోటే బూజు పడుతుంది.

దీనికి చవకైన ఉపాయం చేపకు మత్తిచ్చే లవంగనూనె. అది నీళ్లలో సరిగా కలవదు, విడిగా ఉండిపోతుంది. అందుకే 1 పాలు నూనెను 9 పాలు ఇథైల్ ఆల్కహాల్‌లో కలుపుకోవాలి. మిథైలేటెడ్ స్పిరిట్ వద్దు. 50 లీటర్ల తొట్టికి ఈ మిశ్రమం 25 మి.లీ. పోస్తే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు పడుతుంది. నూనె గాఢత సీసాసీసాకూ మారుతుంది కాబట్టి ముందు ఒక చేపతో చూసుకోవాలి. నిమిషంలోపే పడిపోతే మోతాదు ఎక్కువైనట్టే, నీళ్లు కలపాలి. 3 నుంచి 5 నిమిషాల్లో ఒరిగితే సరిపోయింది.

చేప పక్కకు వాలాక తోక దగ్గర గిల్లినా కదలదు. చూపు మాత్రం మొప్ప డొప్ప మీదే ఉండాలి. నిదానంగానైనా అది లయ తప్పకుండా ఆడుతుండాలి. ఆగిందంటే సూది సంగతి వదిలేసి చేపను మంచినీళ్లలోకి మార్చాలి. నోట్లోంచి మొప్పల వైపు నీళ్లు పారేలా ముందుకు నడిపించాలి. వెనక్కి లాగితే మొప్పలు దెబ్బతింటాయి.

మందు పడక చచ్చిపోయిందనే మాట తరచూ వింటుంటాం. మా లెక్కలో అసలు తప్పు చాలాసార్లు ఏర్పాట్లలోనే ఉంటుంది. ఎయిరేటర్ పెట్టిన రెండో తొట్టి లేకుండానే మొదటి తొట్టిలో నూనె పోసేస్తారు. ముందురోజు మేత ఆపరు. ఒకేసారి పది చేపల్ని దించి, వాటిలో చివరిదాన్ని మరిచిపోతారు. మిట్టమధ్యాహ్నం నీరు వేడెక్కాక అదే మోతాదు చేపను చాలా త్వరగా పడగొడుతుంది. ఈ పని తెల్లవారుజామునే ముగించాలి.

మద్దువలస, తాటిపూడి వంటి జలాశయాలకు పిల్లల్ని తరలించే సంచుల్లో ఇంత మత్తు ఎప్పుడూ వద్దు. సోలిన పిల్లలు అడుగున ఒకదానిపై ఒకటి పడి ఊపిరాడక చస్తాయి.

మత్తు పెట్టిన తల్లిచేపను వెంటనే సంతకు పంపడం కూడా తప్పే. అమెరికాలో ట్రైకేన్ మత్తు ఇచ్చిన చేపను 21 రోజులు తిండికి అమ్మనివ్వరు, తినే చేపలకు లవంగనూనెను అసలు అనుమతించనే లేదు. మన చెరువుల్లోనూ కనీసం ఆ 21 రోజులు పాటించాలి. అందుకని మత్తు పెట్టిన తేదీని రిజిస్టర్‌లో ఆ పూటే రాసి ఉంచాలి.