కాల్పులు ఆగేదాకా నెత్తురు ఆగుతుందా?

1999 ఏప్రిల్ 20. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, కొలంబైన్ హైస్కూల్. ఇద్దరు విద్యార్థులు తుపాకులతో వచ్చి కాల్పులు మొదలుపెట్టారు. పిల్లల్ని తప్పిస్తూ పరుగెడుతున్న డేవ్ శాండర్స్ అనే టీచర్‌కి తూటాలు తగిలాయి. అప్పటికి టైమ్ పదకొండున్నర కావస్తోంది. పిల్లలు ఆయన్ని ఒక సైన్స్ గదిలో పడుకోబెట్టి, తమ చొక్కాలు విప్పి గాయాలకు అదిమిపట్టారు. లోపల ఒక మనిషి నెత్తురు కారి చనిపోతున్నాడని బోర్డు మీద రాసి కిటికీకి ఆనించారు. బయట పోలీసులున్నారు, అంబులెన్సులున్నాయి. కాల్పులు జరిపిన ఇద్దరూ మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికే తమను తాము కాల్చుకున్నారు. ఆ సంగతి బయటివాళ్లకు తెలియదు. స్వాట్ అనే ప్రత్యేక పోలీసు కమాండో బృందం ఒక్కో గదీ గాలిస్తూ శాండర్స్ దగ్గరికి చేరేసరికి రెండున్నర దాటింది. ఆయన బతకలేదు.

బయట నిలబడ్డ అంబులెన్స్ సిబ్బంది పిరికివాళ్లు కారు. వాళ్లకు నేర్పిందే వాళ్లు చేశారు. ప్రమాదం జరిగిన చోటు సురక్షితమని తేలాకే రోగి దగ్గరికి వెళ్లాలన్నది ప్రపంచంలో ఏ దేశపు ఎమర్జెన్సీ టెక్నీషియన్‌కైనా మొదటి పాఠం. మన 108 సిబ్బందికీ అంతే. కరెంటు తీగ తెగిపడ్డ చోట, గ్యాస్ లీకయిన చోట అది ప్రాణాలు కాపాడే సూత్రం. సాయానికి వెళ్లినవాడే పడిపోతే రోగుల సంఖ్య ఒకటి పెరుగుతుంది, కాపాడేవాళ్ల సంఖ్య ఒకటి తగ్గుతుంది. కానీ తుపాకీ పట్టుకున్న మనిషి భవనంలో ఎక్కడున్నాడో తెలియనప్పుడు, మొత్తం భవనం సురక్షితమని పోలీసులు చెప్పడానికి గంటలు పడుతుంది. తొడలోని పెద్ద రక్తనాళం తెగిన మనిషికి ఉన్నది మూడు నుంచి ఐదు నిమిషాలు.

ఈ రెండు గడియారాల మధ్య ఉన్న తేడాని పూడ్చడానికే పోలీసు కమాండో బృందాలతో పాటు లోపలికి వెళ్లే మెడిక్‌లను, అంటే అత్యవసర వైద్య సిబ్బందిని, తయారుచేయడం మొదలైంది. దీనికి దారి చూపించింది సైన్యం. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో 2001 నుంచి 2011 వరకు చనిపోయిన దాదాపు 4,600 మంది అమెరికన్ సైనికుల మరణాలను అక్కడి సైనిక వైద్యులు పరిశీలించారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆసుపత్రికి చేరకముందే పోయారు. అలా పోయినవాళ్లలో నాలుగో వంతు మందిని సకాలంలో చూసుకుంటే కాపాడగలిగేవాళ్లం అని తేల్చారు. వాళ్లలో పదికి తొమ్మిదిమంది చావుకి కారణం రక్తస్రావమే. అంటే ఆ క్షణంలో అన్నిటికన్నా ముందు కావాల్సింది నెత్తురు ఆపడం. గాయం చేతికో కాలికో అయితే దానికి పెద్ద సర్జన్ అక్కర్లేదు, బిగించి కట్టే ఒక పట్టీ (టోర్నికే) చాలు.

అంత చిన్న పని అయితే శిక్షణ దేనికి అనిపించవచ్చు. నా దృష్టిలో అసలు విషయమంతా అక్కడే ఉంది. అనుభవమున్న ఎమర్జెన్సీ మెడిక్‌కి ఇక్కడ కొత్తగా నేర్పాల్సింది వైద్యాన్ని ఎక్కడ ఆపుకోవాలో. అంబులెన్స్‌లో అతనికి అలవాటైన వరుస వేరు: శ్వాసనాళం చూడాలి, ఆక్సిజన్ పెట్టాలి, సెలైన్ ఎక్కించాలి, మెడ కదలకుండా పట్టీ వేయాలి. తూటాలు ఎగురుతున్న చోట ఇవేవీ చేయకూడదు. అక్కడ చేయగలిగినవి రెండే: టోర్నికే పట్టీని బట్టల మీదుగానే బిగించడం, మనిషిని గోడ చాటుకు లాగేయడం. ప్రమాదం పక్క గదిలో ఉండి, ఈ గదిలో ప్రస్తుతానికి లేనప్పుడు ఇంకొంచెం చేయవచ్చు. గాయంలో గాజుగుడ్డ కుక్కి అదమడం, ఛాతీ మీది రంధ్రాన్ని మూయడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఊపిరాడకపోతే సూదితో ఆ గాలి వదిలించడం, ఒళ్లు చల్లబడకుండా కప్పడం. ఒళ్లు చల్లబడితే నెత్తురు సరిగా గడ్డకట్టదు. మిగతాదంతా బయటికి తీసుకెళ్లాకే. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పనిని చేయకుండా ఉండటం ఎంత కష్టమో డాక్టర్లను అడిగితే చెబుతారు. క్లాసులో విన్నంత మాత్రాన అది రాదు. చీకట్లో, పొగలో, చెవులు దిబ్బళ్లు వేసే శబ్దంలో, హెల్మెట్, బుల్లెట్‌ప్రూఫ్ కవచం వేసుకుని మళ్లీ మళ్లీ చేస్తేనే వస్తుంది.

బయటివాళ్లకు తట్టని పాఠాలూ ఇందులో ఉన్నాయి. తలకు దెబ్బ తగిలి, నెత్తురు పోయి మతి తప్పిన కమాండో చేతిలో తూటాలు నింపిన తుపాకీ ఉంటుంది. అతను తన మనిషినే శత్రువనుకోవచ్చు. కాబట్టి కట్టు కట్టకముందే అతని ఆయుధం తీసేసుకోవాలి, అదీ అతనితో మర్యాదగా మాట్లాడుతూ. గాయపడ్డ మనిషి దగ్గరికి చేరలేకపోతే చాటు నుంచి బైనాక్యులర్స్‌తో చూసి ఊపిరి ఆడుతోందో లేదో అంచనా వేయాలి. లోపల చిక్కుకున్న బందీకి ఫోన్‌లోనే గాయం ఎలా అదిమిపట్టాలో చెప్పాలి. ఆపరేషన్‌కి ముందే దగ్గర్లో ఏ ఆసుపత్రిలో సర్జన్, రక్తం సిద్ధంగా ఉన్నాయో, అక్కడికి ట్రాఫిక్ లేని దారి ఏదో, బృందంలో ఎవరికి ఏ మందు పడదో రాసిపెట్టుకోవాలి. నిజానికి ఇలాంటి మెడిక్ రోజువారీ పనిలో తూటా గాయాలు తక్కువ. మే నెల ఎండలో బరువైన కవచంతో ఐదారు గంటలు నిలబడ్డ మనుషులకు వడదెబ్బ తగలకుండా చూడటం, మన అటవీ ప్రాంతాల్లో అయితే మలేరియా, పాముకాటు. అమెరికా పుస్తకాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు దించుకుంటే కుదరదని నేననేది ఇందుకే. 2008 జూన్‌లో ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ మీద మావోయిస్టుల దాడి జరిగి 30 మందికి పైగా మన గ్రేహౌండ్స్ కమాండో దళ సిబ్బంది చనిపోయారు. అక్కడ తూటాలతో పాటు నీళ్లు కూడా చంపాయి.

మరి కమాండోలకే ప్రథమ చికిత్స నేర్పితే సరిపోదా? నేర్పాలి, ప్రతి ఒక్కరికీ నేర్పాలి. 2011 జనవరిలో టూసాన్‌లో అమెరికన్ కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ సభ మీద కాల్పులు జరిగినప్పుడు, ముందుగా చేరుకున్న షెరీఫ్ సిబ్బంది తమ దగ్గరున్న చిన్న కిట్‌లతోనే గాయాలకు కట్లు కట్టారు. వాళ్లు అప్పటికే ఆ శిక్షణ పొంది ఉన్నారు. కానీ అదొక్కటే చాలదు. 2008లో ముంబయి తాజ్ హోటల్లో ఎన్‌ఎస్‌జీ మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్, గాయపడ్డ తన కమాండోని బయటికి పంపే ఏర్పాటు చేసి, తాను ఉగ్రవాదుల వెంటపడి ప్రాణాలు కోల్పోయారు. ఆ ధైర్యానికి దేశం అశోక చక్ర ఇచ్చింది. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా ఒక ఆలోచన వస్తుంది. పోరాటాన్ని నడిపించే మనిషి మెదడులో సగం గాయపడ్డవాడి మీద ఉండాల్సి రావడం ఎంత భారం! ఆ సగాన్ని మోయడానికి ఇంకొకరు ఉండాలి. బృందంలో ఒక్క మనిషికైనా ప్రాణం నిలబెట్టడమే పూర్తి పని కావాలి.

అలాంటి మనిషి ఉంటే ఏమవుతుందో 2007 ఏప్రిల్ 16న అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీలో కనిపించింది. ఆ ఉదయం హాస్టల్లో మొదటి కాల్పులు జరగడంతో పోలీసు బృందాలు, వాటితో పనిచేసే ఇద్దరు మెడిక్‌లు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. తర్వాత కాల్పులు జరిగిన నారిస్ హాల్ అనే క్లాసుల భవనంలోకి పోలీసులు దూసుకెళ్లినప్పుడు ఆ ఇద్దరూ వాళ్ల వెంటే వెళ్లారు. భవనం పూర్తిగా గాలించకముందే గదుల్లో తిరిగి ఎవర్ని ముందు పంపాలో తేల్చారు. తొడ రక్తనాళం తెగిన ఒక విద్యార్థికి టోర్నికే కట్టారు, అతను బతికాడు. ఆరోజు 32 మంది చనిపోయారు. అయినా కొలంబైన్‌లో మూడు గంటలు పట్టిన పని ఇక్కడ నిమిషాల్లో మొదలైంది.

ఎనిమిదేళ్ల తర్వాత, 2015 నవంబరు 13 రాత్రి పారిస్‌లోని బతాక్లాన్ సంగీత కచేరీ హాలు మీద ఉగ్రదాడి. ఇద్దరు ఉగ్రవాదులు పై అంతస్తులో బందీలను పట్టుకుని ఉండగానే, ఫ్రెంచ్ పోలీసు కమాండో దళాల వైద్యులు కింది హాల్లోకి వెళ్లి గాయపడ్డవాళ్లను ఏరి బయటికి పంపారు. స్ట్రెచర్లు చాలక, జనాన్ని ఆపడానికి వాడే ఇనుప బారికేడ్ల మీద మోసుకెళ్లారు. తుది దాడి అర్ధరాత్రి దాటాక జరిగింది. అప్పటిదాకా ఆగి ఉంటే వాళ్లలో ఎంతమంది మిగిలేవారు? ఆ రాత్రి పారిస్ ప్రభుత్వ ఆసుపత్రులకు చేరిన 302 మంది క్షతగాత్రుల్లో నలుగురే చనిపోయారు. ఇంకో విషయం: సరిగ్గా అదేరోజు ఉదయం పారిస్ అంబులెన్స్, ఫైర్ సిబ్బంది ఒకేసారి చాలాచోట్ల కాల్పులు జరిగితే ఏం చేయాలన్న డ్రిల్‌లో పాల్గొన్నారు.

మనుషులు, సామాను ఉన్నంత మాత్రాన పని జరిగిపోదని 2022 మేలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఉవాల్డేలో ఒక స్కూల్లో జరిగిన కాల్పుల ఘటన గుర్తుచేసింది. 77 నిమిషాలు తలుపు బయటే ఆగిన పోలీసులు, తాళాలు వేసి వదిలేసిన పోలీసు వాహనాలు అడ్డుపడి ముందుకు రాలేని అంబులెన్సులు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఎవరు ఎవరికి చెప్పాలో ముందు నుంచీ కలిసి సాధన చేయని చోట ఎంత మంచి మెడిక్ అయినా ఏం చేస్తాడు?

ఇంకొక ప్రశ్న ఉంది, మన దగ్గర దాన్ని తప్పించుకుని పోవడానికి వీల్లేదు. పోలీసుల తూటా తగిలిన నిందితుడి సంగతేమిటి? 1997 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో బ్యాంకు దోపిడీ చేసిన ఇద్దరిలో ఒకడు పోలీసులకు చిక్కాక రోడ్డు మీద గంటకు పైగా నెత్తురు కారి చనిపోయాడు. ఇంకా ముష్కరులున్నారేమోనన్న అనుమానంతో అంబులెన్స్‌ను రానివ్వలేదు. కుటుంబం కోర్టుకెళ్లింది. మన సుప్రీంకోర్టు 2014లో ఎన్‌కౌంటర్లపై ఇచ్చిన మార్గదర్శకాల్లో గాయపడ్డ నేరస్థుడికి వైద్యసాయం అందించాలని స్పష్టంగా ఉంది. ఎన్‌కౌంటర్ అనే మాట విన్నప్పుడల్లా తెలుగు నేల మీద ఎన్ని అనుమానాలు లేస్తాయో అందరికీ తెలుసు. గాయపడింది ఎవరైనా, గాయం తీవ్రతను బట్టే చూడాలని ప్రమాణం చేసిన మనిషి ఒకరు ఆ బృందంలో ఉంటే, ఆ మార్గదర్శకం కాగితం మీద నుంచి నేల మీదికి దిగుతుంది. అందుకే ఆ మెడిక్ వైద్యపరంగా ఒక డాక్టర్‌కి జవాబుదారీగా ఉండాలి. ఎప్పుడు కదలాలో కమాండర్ చెప్పాలి, ఎవరికి ముందు కట్టాలో మెడిక్ చెప్పాలి. ఈ గీతను శిక్షణలోనే గట్టిగా గీయాలి.

మన దగ్గర దీనికి కావాల్సిన రెండు ముక్కలూ ఉన్నాయి. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశమంతా పాకింది. రోడ్డు ప్రమాదాల్లో నలిగిన మనుషుల్ని రోజూ చూసే టెక్నీషియన్ల అనుభవం అక్కడుంది. 1989లో గ్రేహౌండ్స్, 2007లో ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే ఆక్టోపస్ దళం ఉమ్మడి రాష్ట్రంలోనే పుట్టాయి. 108లో ఇష్టపడి ముందుకొచ్చేవాళ్లను ఎంచుకుని, బీమా, అదనపు జీతం ఇచ్చి, ఈ దళాలతో కలిపి ఏడాది పొడవునా శిక్షణ ఇవ్వడం ప్రభుత్వాలకు పెద్ద ఖర్చు కాదు. బలవంతంగా మాత్రం ఎవర్నీ పంపకూడదు.

2007 ఆగస్టు 25 రాత్రి హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. జనం రద్దీగా ఉండే చోట ఒక బాంబు పేలి, పక్కనే ఇంకొకటి ఉందని అనుమానం వస్తే, కింద పడి ఉన్నవాళ్ల దగ్గరికి ఎవరు వెళ్లాలి, ఎంత దూరం వెళ్లాలి, ఎన్ని క్షణాలు ఆగాలి? తిరుమలలోనో మాల్స్‌లోనో ఆక్టోపస్ మాక్ డ్రిల్ చేసిందని అప్పుడప్పుడూ వార్తల్లో చూస్తుంటాం. వచ్చే డ్రిల్‌లో డమ్మీ ఉగ్రవాదిని పట్టుకున్నాక కూడా గడియారం ఆపకుండా, ఎర్ర రంగు పూసుకుని నేల మీద పడుకున్న పాతికమందిలో చివరివాడు అంబులెన్స్ ఎక్కేదాకా నడవనివ్వండి. ఆ టైమ్ ఎంతో రాసిపెట్టుకుని, మూడు నెలల తర్వాత అదే చోట మళ్లీ కొలవండి.