మ్యూజియంలో మనవాళ్ళు ఏమీ చూడరట!

"మనవాళ్ళు మ్యూజియానికి వచ్చేది ఏసీకీ, సెల్ఫీలకీ. ఒక్కో బొమ్మ ముందు అర నిమిషం కూడా నిలబడరు. బోర్డు చదివేవాడే లేడు. అదే ఫారిన్‌లో అయితే గంటలు గంటలు చూస్తారు."

ఈ మెసేజ్ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ నెల్లో మూడోసారి వచ్చింది. మొన్న వేసవిలో విజయవాడలోని ఒక మ్యూజియంలో ఇంటర్న్‌గా నేను చేసిన పని సరిగ్గా ఇదే. స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎవరు ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, ఏం మాట్లాడుకున్నారు అని రాసుకోవడం. అందుకే ఊరుకోలేకపోతున్నా.

అర నిమిషం మాట నిజమే. ఫారిన్ మాటే అబద్ధం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పేరుమోసిన పెయింటింగుల ముందు జనం ఎంతసేపు నిలబడతారో గమనించి 2001లో లెక్క ప్రచురించారు. సగటున 27 సెకన్లు. సగం మంది 17 సెకన్లు కూడా దాటలేదు. మరి వాళ్ళనేమందాం?

ఇక బోర్డు సంగతి. మొదటి వారం నేనూ అదే అనుకున్నా. నా షీటులో 'చదివారు' అనే గడి దాదాపు ఖాళీ. అక్కడ అమరావతి శిల్పం నకలు ఒకటి ఉండేది. సింహాసనం, దాని ముందు రెండు పాదాలు, చుట్టూ చేతులు జోడించిన జనం. ఆసనం మీద మాత్రం ఎవరూ లేరు. ఒక పెద్దావిడ మనవరాలితో "విష్ణుపాదాలే, దణ్ణం పెట్టుకో" అన్నారు. పిల్ల పెట్టుకుని, "మరి కుర్చీలో ఎవరూ లేరేంటి నాయనమ్మా?" అంది. ఆవిడ వెనక్కి తిరిగి "ఒరేయ్, అందులో ఏం రాశారో చూడు" అని కొడుకుని కేకేశారు. అతను వంగి, గబగబా చూసి, "బుద్ధుడంటమ్మా. అప్పట్లో మనిషిలా చెక్కకుండా పాదాలు, ఖాళీ ఆసనం పెట్టేవాళ్ళంట" అన్నాడు. ముగ్గురూ మళ్ళీ శిల్పం దగ్గరికి జరిగారు.

నా షీటు ప్రకారం చదివింది ఒక్కడు, అదీ కొద్ది సెకన్లు. బోర్డు మాత్రం ముగ్గురికీ చేరింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పాలెట్ మక్‌మానస్ అనే పరిశోధకురాలు సందర్శకుల మాటలు రికార్డు చేసి 1989లో చెప్పిందీ ఇదే. చదవనట్టు కనిపించేవాళ్ళ కబుర్లలోనూ బోర్డు మీది మాటలు దొర్లుతుంటాయి.

వంగి చదివాడన్నాను కదా, ఆ బోర్డు మోకాలి ఎత్తున ఉంది. అక్షరాలు బస్సు టికెట్టు మీద ఉన్నంత. ఇది పాత జబ్బే. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ గిల్మన్ ఒక మనిషిని అద్దాల పెట్టెల్లోవి చూడమని, వాటి లేబుళ్ళు చదవమని చెప్పి, అతను పడ్డ వంగుళ్ళన్నీ ఫొటోలు తీయించాడు. 1916లో వాటిని 'మ్యూజియం అలసట' అన్న పేరుతోనే అచ్చువేశాడు. చదవలేదని జనాన్ని తిట్టేముందు బోర్డు ఎక్కడ పెట్టారో చూడాలి.

ఏసీ కోసం వస్తారా? మే నెల బెజవాడ ఎండలో రానీండి, మీకేం?

సెల్ఫీలు దిగుతారు, నిజం. ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు ఆ శిల్పం ముందే దిగారు. తర్వాత బెంచీ మీద కూర్చుని ఫొటో జూమ్ చేస్తూ, "ఒరే, ఈ మూలనున్నోణ్ణి చూడు, అందరూ దణ్ణం పెడుతుంటే వీడొక్కడు పక్కకి చూస్తన్నాడు" అని నవ్వుకున్నారు. అన్నాళ్ళూ దాని పక్కనే కూర్చున్న నేను ఆ మూల ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు వెళ్ళాక లేచి చూశాను. పక్కకే చూస్తున్నాడు.