చావుబండికీ టికెట్ లెక్క

నాలుగేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. పదేళ్లలోపు వాళ్లకు సగం చార్జీ. నాలుగు వందల మంది ఉంటే గ్రూపు రాయితీ. కాపలావాళ్లకు రానూపోనూ టికెట్, మిగతావాళ్లకు పోను మాత్రమే. యూదులను చంపడానికి తీసుకుపోయిన రైళ్లకు నాజీ జర్మనీ రైల్వే కట్టిన లెక్క ఇది. దాన్ని తవ్వి లోకం ముందు పెట్టిన చరిత్రకారుడు రౌల్ హిల్‌బర్గ్.

1926లో వియన్నాలో పుట్టారాయన. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక తండ్రిని అరెస్టు చేశారు. మరుసటి ఏడాది ఆ కుటుంబం క్యూబా మీదుగా అమెరికా చేరింది. కొలంబియా యూనివర్సిటీలో ఈ మారణకాండ మీదే పీహెచ్‌డీ చేస్తానంటే, గైడ్ ఫ్రాంజ్ న్యూమన్ సరేనన్నారు గానీ, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావని హెచ్చరించారు. అన్నంత పనీ అయింది. ఆ పరిశోధనను పుస్తకంగా వేయమంటే ప్రిన్స్‌టన్ ప్రచురణ సంస్థ వద్దంది, ఈ మారణకాండ మృతుల స్మారక సంస్థ, జెరూసలేంలోని యాద్ వషేమ్ కూడా వద్దంది. 1961లో షికాగోలో ఒక చిన్న సంస్థ అచ్చేసింది. జర్మన్‌లోకి రావడానికి మరో 21 ఏళ్లు పట్టింది.

అంత ఇబ్బంది ఎందుకంటే, ఆయన వేలు ఒక్క హిట్లర్ వైపే చూపలేదు. ముందు యూదుడంటే ఎవరో చట్టంలో రాశారు. తర్వాత ఆస్తులు గుంజుకున్నారు. ఆ తర్వాత ఒకచోటికి తోలారు. చివరికి చంపారు. ప్రతి మెట్టు దగ్గరా ఒక గుమస్తా, ఒక ఫైలు, ఒక సంతకం ఉన్నాయని చూపించారు.

యూదులు దాదాపు ఎదిరించనే లేదన్న ఆయన మాటను మాత్రం మేము ఒప్పుకోం. చంపినవాళ్ల ఫైళ్లలో చచ్చినవాళ్ల తెగువ ఎక్కడ కనిపిస్తుంది? కానీ ఆ ఫైళ్లే లేకపోతే చంపినవాళ్లు తప్పించుకునేవాళ్లు. పాత రికార్డులను చెత్త కింద తగలబెట్టొద్దని, పరిశోధకులకు తెరిచి ఉంచాలని మేము గట్టిగా అడిగేది అందుకే.

1956 నుంచి 1991 దాకా వెర్మాంట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 2007లో కన్నుమూశారు హిల్‌బర్గ్. ఒక డాక్యుమెంటరీలో ఆయన 1942 నాటి రైలు ఉత్తర్వును పట్టుకుని వరసగా చదువుతారు. యూదులను చంపిన ట్రెబ్లింకా శిబిరానికి నిండు బండి, తిరిగి ఖాళీ బండి. చంపడం అన్న మాట ఎక్కడా లేదు. రహస్యం అన్న ముద్ర కూడా లేదు. అసలు కాగితం కోసం ఎందుకంత పట్టుదల అంటే ఆయన చెప్పిన జవాబు ఇది: ఆనాటి అధికారి చేత్తో పట్టుకున్న కాగితమే ఇది. చనిపోయినవాళ్లు లేరు. మిగిలింది ఇదొక్కటే.