ధర మాది కాదంటారు, తగ్గింపు ప్రకటన మాత్రం మీదేనా?

పెట్రోలు, డీజిలు ధరల సంగతి ఎప్పుడు అడిగినా కేంద్రం దగ్గర ఒకటే జవాబు: మార్కెట్. పెట్రోలును 2010లో, డీజిలును 2014లో నియంత్రణ నుంచి తప్పించాం, ఇక ఆయిల్ కంపెనీల ఇష్టం, మాకు సంబంధం లేదు. ఇంకా ఎన్నాళ్ళు వినాలి ఈ మాట?

సంబంధమే లేకపోతే 2018లో కర్ణాటక పోలింగ్‌కు ముందు 19 రోజుల పాటు రోజువారీ ధర ఎందుకు బిగుసుకుపోయింది? పోలింగ్ ముగిసిన రెండో రోజుకే మళ్ళీ ఎందుకు కదిలింది? ఏ రోజు ధర ఆ రోజే అన్న పద్ధతిని 2017లో మొదట ప్రయోగించిన ఐదు ఊళ్ళలో మన శ్రీకాకుళం పక్కనున్న విశాఖ ఒకటి. బయట తగ్గితే మీకూ వెంటనే తగ్గుతుందని అప్పుడు ఊరించారు. 2022లో బ్యారెల్ 120 డాలర్లు దాటిన ముడి చమురు ఆ ఏడాది చివరికి 80కి దిగింది. బంకుల్లో రేటు మాత్రం దిగలేదు. దిగింది 2024 మార్చిలో, రెండంటే రెండు రూపాయలు, అదీ లోక్‌సభ ఎన్నికల షెడ్యూలుకు ఒక్క రోజు ముందు. ప్రకటించింది కంపెనీలు కాదు, సాక్షాత్తూ పెట్రోలియం మంత్రి! 2025 ఏప్రిల్‌లో ఎక్సైజు సుంకం రెండు రూపాయలు పెంచినప్పుడూ బంకు ధర పెరగదని భరోసా ఇచ్చింది ఆ మంత్రిత్వ శాఖే. సంబంధం లేనివాళ్ళకు ఇంత హడావిడి దేనికి?

2022లో కంపెనీలు కొన్ని నెలలు నష్టాన్ని భరించిన మాట నిజమే. ఆ తర్వాత 2023-24లో మూడు ప్రభుత్వ కంపెనీలూ (ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం) కలిసి సుమారు 81 వేల కోట్ల లాభం మూటగట్టుకున్నాయి. ఆటోవాలాకు అందులో దక్కిందేమిటి?

పోటీ అంటారా? బోర్డులు మూడు రంగుల్లో ఉంటాయి, ధరలో తేడా పైసల్లో ఉంటుంది. సిమెంటు కంపెనీలు ధర మీద కూడబలుక్కున్నాయని 2012లో కాంపిటీషన్ కమిషన్ 6 వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. ఇక్కడ మూడింటి వెనకా ఉన్నది సర్కారే కాబట్టి ఆ ప్రశ్న గట్టిగా అడిగేవాడు లేడు. పోటీని కాపాడమని 2006 చట్టంతో పెట్టిన పెట్రోలియం నియంత్రణ బోర్డు ఊసు బంకు ధర దగ్గర వినపడదు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే తూనికలు కొలతల శాఖ వచ్చి నాజిల్‌కు సీలు వేస్తుంది. కొలతకు అధికారి ఉన్నాడు, ధరకు లేడు.

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమూ తక్కువ తినలేదు. పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు మరో రూపాయి. డీజిలు మీదా ఇదే తీరు బాదుడు. అందుకే పలాస నుంచి బరంపురం వెళ్ళే లారీ డ్రైవరు ముల్లు ఎర్రగీత మీద వణుకుతున్నా ఇచ్ఛాపురం దాటేదాకా బంకులోకి తిప్పడు. ఒడిశాలో అడుగుపెట్టాకే ట్యాంకు నింపుతాడు. రిఫైనరీ ఉన్నది విశాఖలో, చౌక దొరికేది పక్క రాష్ట్రంలో! సరిహద్దుకు ఇవతల బంకు నడుపుకొనేవాళ్ళ గోడు ఎవరికీ పట్టదు. ఈ పన్ను మీద ప్రతిపక్షంలో ఉన్నప్పుడు రోడ్డెక్కనిదెవరు, గద్దెనెక్కాక తగ్గించినదెంత?

శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఇవాళ కేంద్ర క్యాబినెట్‌లో ఉన్నారు. లీటరు ధరలో ముడి చమురెంత, రవాణా ఎంత, కంపెనీ లాభమెంత, కేంద్ర, రాష్ట్రాల పన్నులెంత అన్న లెక్కను, ఇప్పటిలా ఢిల్లీ ధరకే కాక ప్రతి జిల్లాకూ, ధర మారిన ప్రతిసారీ, బంకు బోర్డు మీదే రాయించమని ఆయన అడగాలి. పెట్రోలియం మంత్రిత్వ శాఖకు మా మాట ఒకటే. ధర మీ చేతిలోనే ఉందని ఒప్పుకొని పార్లమెంటులో జవాబు చెప్పండి. కాదంటారా, ఈసారి ఎన్నికల ముందు తగ్గించామని చంకలు గుద్దుకుంటూ ట్వీట్లు పెట్టకండి.