గోడెక్కిన తాంబాళం

మనిషికి ఉన్నట్టే గిన్నెకూ నాలుగు ఆశ్రమాలు ఉంటాయని పెద్దలు ఎక్కడా రాయలేదు గాని, రాసి ఉండవలసింది. దుకాణంలో దూలానికి వేలాడుతూ ఉన్నంతకాలం దానిది బ్రహ్మచర్యం. సారెతో పాటు అత్తవారింటికి వచ్చి పొయ్యెక్కడం గార్హస్థ్యం. స్టీలు సామాను ఇంట్లో అడుగుపెట్టిన నాడు అటకెక్కి బల్లుల సహవాసంలో కాలక్షేపం చెయ్యడం వానప్రస్థం. ఇక సన్న్యాసం మాటకొస్తే, మన శ్రీకాకుళం జిల్లాలో మొన్నమొన్నటి దాకా దానికి సరైన ఏర్పాటే లేదు. "పాత ఇత్తడి, పాత రాగి కొంటాం" అని కేక వేసుకుంటూ సైకిలు మీద వచ్చేవాడి తక్కెడలో పడి, గిన్నె నేరుగా కొలిమిలోకి వెళ్ళిపోయేది. ఇప్పుడు ఆ లోటు తీరింది. గిన్నెలు గోడెక్కుతున్నాయి. సన్న్యాసి నిప్పు ముట్టకూడదంటారు. గోడెక్కిన గిన్నె నిప్పునే కాదు, నీళ్ళనూ ముట్టదు, అన్నం మెతుకును కన్నెత్తి చూడదు.

ఈ వైరాగ్యానికి మా ఇల్లు కూడా ఒక ఆశ్రమమే గనుక నేను అధికారంతోనే మాట్లాడుతున్నాను. మా హాలు గోడ మీద ప్రస్తుతం పదిహేడు పళ్ళేలు, ఒక తాంబాళం, రెండు అట్లకాడలు, పిడి ఊడిన కాఫీ ఫిల్టరు ఒకటి వేలాడుతున్నాయి. వీటిలో ఒక్కటైనా మా వంశానిది కాదు. మా వంశానివి మా అమ్మ హయాంలోనే వెళ్ళిపోయాయి. నాలుగు ఇత్తడి బిందెలు, ఒక గుండిగ ఇచ్చి, మూతలున్న స్టీలు డబ్బాలు ఒక వరుస తెచ్చుకున్నందుకు ఆ రోజు ఇంట్లో పండగ వాతావరణం ఉండడం నాకు బాగా గుర్తు. మా అమ్మ గిన్నెలను తూకం వేసి అమ్మింది, మా ఆవిడ వయసు అడిగి కొంటోంది. కిలోల్లో అమ్మి సంవత్సరాల్లో కొనే ఈ వ్యాపారంలో లాభం ఎవరికి వచ్చిందని లెక్కలు తీయడం సంస్కారం కాదు గనుక నేను తీయను.

పాత సామాను కొనేటప్పుడు మొదట తెలుసుకోవలసింది, పనికొచ్చే వస్తువుకు విలువ ఉండదని. చిల్లు లేని చెంబును చూసి దుకాణదారు పెదవి విరుస్తాడు. సొట్ట పడినదైతే "దీనికో కథ ఉంది సార్" అంటాడు. సొట్టకు వంద, అంచు విరిగితే రెండు వందలు, అడుగున మాడు ఉంటే అది వేరే మాట. ఇంటి పెద్దలు అంచు విరిగిన గిన్నెలో అన్నం తినకూడదని ఎందుకన్నారో ఇప్పుడు అర్థమవుతోంది. అంత ఖరీదైన దానిలో ఎవరు తింటారు?

పింగాణీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెల్లని పళ్ళెం మీద నీలిరంగులో ఒక వంతెన, వంగిన విల్లో చెట్టు, పైన ఎగిరే రెండు పక్షులు ఉన్న పాత పళ్ళెం మా గోడ మధ్యలో ఉంది. అది చైనా దేశపు అమర ప్రేమికుల గాథ అని, తండ్రి కోపానికి బలైన జంట పావురాలైందని నేను వచ్చినవారందరికీ కళ్ళు చెమర్చేలా చెబుతూ వచ్చాను. ఆ బొమ్మను 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు కుమ్మరులే అచ్చు వేశారని, పళ్ళేలు బాగా అమ్ముడుపోవడానికి కథను ఆ తర్వాత అల్లారని ఈ మధ్యనే తెలిసింది. చైనా వారికి ఈ సంగతి తెలియకపోవడం వారి తప్పు. అయినా నేను కథ మానలేదు. మానేస్తే పళ్ళెం ధర ఎలా గిట్టుబాటవుతుంది?

దాని పక్కనున్నది బోన్ చైనా సాసరు. మా బంధువుల్లో ఉల్లిపాయ కూడా ముట్టని ఒక నిష్ఠాపరుడు అలాంటి సాసర్లను తన పూజగది గుమ్మానికి ఇరువైపులా తోరణంలా అమర్చుకున్నారు. వాటి మట్టిలో సగానికి దగ్గరగా పశువుల ఎముకల బూడిద ఉంటుందని, ఆ తెలుపూ ఆ నాజూకూ అక్కడి నుంచే వచ్చాయని చెప్పాలా వద్దా అని మూడు నెలలుగా ఆలోచిస్తున్నాను. ఇంకొక మిత్రుడు తన వాటాకు వచ్చిన జర్మన్ సిల్వర్ పళ్ళేన్ని బ్యాంకు లాకరులో పెట్టారు. ఆ పేరులో ఉన్నంత వెండి కూడా ఆ పళ్ళెంలో లేదు. అది రాగి, నికెలు, జింకు కలిసిన లోహం. లాకరు అద్దె మాత్రం ఏటేటా అసలైన రూపాయల్లోనే కడుతున్నారు.

ఇక మా కాలనీలో ఒక ఇంట భోజనాల బల్ల నడిమధ్య, నడుము సన్నగా, మూతి పళ్ళెంలా విశాలంగా ఉన్న ఇత్తడి పాత్రలో చామంతులు పెట్టి ఉంటాయి. అందం అందమే, కాదనను. దాని చుట్టూ కూర్చుని మేం నలుగురం పులిహోర తిన్నాం. అది తాంబూలం వేసుకున్న జమీందార్లు ఉమ్మడానికి వాడిన తమ్మపడిగ అని నాకు తెలుసు. ఆ సంగతి ఆ ఇంటాయనకూ తెలుసని నాకు అనుమానం. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా రెండోసారి వడ్డించుకున్నాం.

పాత సామానులో తినకపోవడానికి గట్టి కారణాలు లేకపోలేదు. పాత పింగాణీ మెరుపులోనూ రంగుల్లోనూ సీసం ఉండవచ్చు. పులుపు తగిలితే అది కూరలోకి దిగుతుంది. కళాయి పోయిన ఇత్తడిలో చారు కాస్తే చింతపండు రాగిని కరిగించి, నోట్లో చేదు పుట్టించి, కడుపులో తిప్పుతుంది. అందుకే ఒకప్పుడు వీధి చివర కళాయి పోసేవాడు కొలిమితిత్తితో గొయ్యి దగ్గర కూర్చునేవాడు. గిన్నెను ఎర్రగా కాల్చి, చిటికెడు నవాసారం చల్లితే తెల్లని పొగ గుప్పున లేచేది. ఆ పొగలోనే తగరపు కడ్డీని అలా తాకించేవాడు. 232 డిగ్రీలకే కరిగే లోహం కాబట్టి అది వెన్నలా జారేది. దాన్ని గుడ్డపీలికతో ఒక్క చుట్టు తిప్పేసరికి మసిబారిన గిన్నె లోపల వెన్నెల కాసినట్టయ్యేది. ఆ గుడ్డ తిప్పడంలోనే విద్యంతా ఉండేది. ఇప్పుడు ఆయన రావడం లేదు, మేమూ పిలవడం లేదు. కళాయి వేస్తే గిన్నె పనిలోకి వస్తుంది. పనిలోకి వచ్చిందా, గోడ మీద నుంచి దిగిపోవలసిందే. అందుచేత పదిహేడు పళ్ళేల నీడలో మా కుటుంబం కాగితం ప్లేట్లలో భోంచేస్తోంది.

మన జిల్లాలోనే సారవకోట మండలంలో బుడితి అనే ఊరు ఉంది. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాగి, తగరం కలిపి కంచు పోస్తారు, రాగి, జింకు కలిపి ఇత్తడి పోస్తారు, మంటకూ సుత్తికీ మధ్య ఒళ్ళు కాల్చుకుంటారు. పంజాబులో జండియాలా గురు కంచరుల విద్యను యునెస్కో 2014లో మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చిన సంగతి మా ఆవిడే నాకు గర్వంగా చెప్పింది. మరి బుడితి నుంచి ఒక చెంబు తెచ్చుకుందామా అని అడిగితే, "అవి కొత్తవి కదండీ" అంది. ఈ జవాబులో ఉన్న న్యాయాన్ని బుడితి వారు గ్రహించాలి. వారి సరుకులో ఉన్న లోపం ఒక్కటే, అది నిన్న తయారైంది. ఒక పూట ఉప్పు, నిమ్మరసం పూసి, పెరట్లో గొయ్యి తీసి, ఓ వర్షాకాలం పాతిపెట్టి, తవ్వి తీసి, పచ్చగా చిలుము పట్టాక పట్నం పంపితే కొనేవారు క్యూ కడతారు. సాటివారి మీద అభిమానం కొద్దీ ఈ సలహాను ఉచితంగా ఇస్తున్నాను.

సన్న్యాసం పుచ్చుకున్న గిన్నెను మళ్ళీ సంసారంలోకి లాగితే ఏమవుతుందో మాకు 2018 అక్టోబరులో తెలిసివచ్చింది. ఆ నెల 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా వీధిలో కరెంటు పోయింది, మోటారు ఆగింది, పైన ట్యాంకులో గుక్కెడు నీళ్ళు లేవు. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చిందని కేక వినబడగానే జనం దొరికిన పాత్రతో పరుగెత్తారు. మా ఇంట్లో పాతకాలపు రాగి గంగాళం ఒకటి ఉంది. ఆరు బిందెల నీళ్ళు పట్టేది. అందులో మనీప్లాంటు ఉంది. తీగను పెరికి, మట్టి దిమ్మరించి, నేనూ మా అబ్బాయీ చెరో చెవి పట్టుకుని ట్యాంకరు దాకా మోసుకెళ్ళాం. ట్యాంకరువాడు గొట్టం పెట్టాడు. నీళ్ళు పైనుంచి పోస్తుంటే నా చెప్పులు తడుస్తున్నాయి. మొక్క వేరు కుళ్ళకూడదని మేమే డ్రిల్లింగు మిషనుతో అడుగున మూడు చిల్లులు వేయించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మా వెనుక నిలబడ్డ ఒక ముసలాయన తన ప్లాస్టిక్ బకెట్టును ముందుకు జరుపుతూ, "బాబూ, అది కోవెల్లో అభిషేకానికి ఇవ్వండి, బాగుంటది" అన్నారు.

ఇన్నిటినీ తట్టుకున్న మా గోడకు అసలు గండం మా పెద్దమ్మ రూపంలో వచ్చింది. దాన్ని చెప్పే ముందు తాంబాళం గురించి చెప్పాలి.

మా గోడకు తలమానికం ఆ ఇత్తడి తాంబాళమే. కొన్ననాటికే అది నల్లగా, పచ్చగా, అక్కడక్కడ గోధుమరంగులో, తుఫాను ముందు ఆకాశంలా ఉండేది. "కడిగారో, దాని వయసు పోతుంది" అని దుకాణదారు ప్రమాణం చేయించుకుని మరీ ఇచ్చాడు. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు పొడిచి ఉన్నాయి. మకిలిలో అన్నీ పూడుకుపోగా, భూతద్దం పెడితే ఒక్క "మ్మ" మాత్రం స్పష్టంగా కనిపించేది. ఆ తర్వాత ఒక సంవత్సరం, 19తో మొదలై 7తో ముగుస్తుంది. మా ఇంటి సభ కూర్చుని, అది ఎవరో ఒక ముత్తవ్వ పేరని, ఆ సంవత్సరం 1947 తప్ప మరొకటి కావడానికి వీల్లేదని తీర్మానించింది. అప్పలమ్మ కానీ, సూరమ్మ కానీ, పైడమ్మ కానీ, ఈ జిల్లాలో "మ్మ"తో ముగియని ముత్తవ్వ ఏ ఇంట్లో ఉంది? కాబట్టి ఆమె మా ముత్తవ్వే అయింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆ తాంబాళంలోనే వీధివీధంతా మిఠాయి పంచిపెట్టిందని మొదట నేను అన్నాను. రెండో ఏడాదికల్లా ఆమె జైలుకు కూడా వెళ్ళి వచ్చింది.

మా పెద్దమ్మ నరసన్నపేట నుంచి వచ్చిన రోజున మేమందరం అరసవల్లి వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులని ఆవిడ ఇంట్లో ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి హాల్లో ఏదో వెలుగు. కిటికీలోంచి పడుతున్న ఎండను గోడ మీద తాంబాళం పట్టి తిరిగి మా ముఖాన కొడుతోంది. కింద చాప మీద పెద్దమ్మ, పక్కన పీచు, పిడికెడు చింతపండు తొక్కు, సగం ఖాళీ అయిన ఉప్పు డబ్బా. చింతపండులో ఆమ్లం ఇత్తడి మీది మకిలిని, చిలుమును కరిగించి అడుగున ఉన్న లోహాన్ని బయటికి తెస్తుందని చదువుకున్న వాణ్ణే గాని, అంత వేగంగా తెస్తుందని అనుకోలేదు.

"ఏటి నాయినా, దేవుడి సామాన్ని ఇలా మట్టి కొట్టించీసి గోడకేసీసినారు? ఇంట్లో చింతపండు లేదనుకుందునా అంటే డబ్బా నిండా ఉంది" అంది పెద్దమ్మ, వేళ్ళు విరుచుకుంటూ.

దేవుడి సామానేమిటని నేను దగ్గరికి వెళ్ళాను. భూతద్దం అవసరం లేకపోయింది. అంచు చుట్టూ చుక్కల అక్షరాలు ఒక్కొక్కటే పళ్ళు ఇకిలిస్తున్నాయి. అక్కడ ముత్తవ్వ లేదు. "రామకోవెల సామాను. అమ్మరాదు. 1987" అని ఉంది.

మా ఆవిడ ఆ రాత్రి కుర్చీ వేసుకుని ఎక్కి తాంబాళాన్ని గోడవైపుకు తిప్పింది. వెనుకభాగం ఇంకా నల్లగానే ఉంది.