చదవకుండానే పెరిగే హెచ్ ఇండెక్స్

సామాజిక శాస్త్రాల్లో పరిశోధన చేసేవారికి పెద్ద అడ్డంకి చదవడం. చదివితే సందేహాలొస్తాయి. సందేహాలొస్తే రాత వెనకబడుతుంది. రాత వెనకబడితే సైటేషన్లు, అంటే ఇతరులు తమ రచనల్లో మన రచనను ఉదహరించడాలు, రావు. వెనకటికి చదవేస్తే ఉన్న మతి పోయేది, ఇప్పుడు సైటేషన్లను బట్టి పరిశోధకుడి విలువ కట్టే అంకె, ఉన్న హెచ్ ఇండెక్స్ కూడా పోతుంది. కనక ఆ వ్యసనం జోలికి పోకుండా పరిశోధన ప్రభావాన్ని పెంచుకునే మార్గమేదో విజ్ఞుల ముందు పెట్టడం మా కర్తవ్యం.

ముందు లెక్క. హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన కొలత ఈ హెచ్ ఇండెక్స్. మీ రచనలన్నిటినీ సైటేషన్లు ఎక్కువున్న వాటి నుంచి తక్కువున్న వాటికి వరసగా పేర్చండి. సైటేషన్ల సంఖ్య వరస సంఖ్య కంటే తగ్గనంతవరకూ కిందికి దిగండి. ఎక్కడ ఆగితే అదే మీ విలువ. ఒక పండితుడి ఖాతా ఇలా ఉందనుకుందాం: 240, 31, 12, 7, 5, 5, 2, 0. అయిదో పేపరుకు అయిదున్నాయి, గట్టెక్కింది. ఆరోదానికీ అయిదే ఉన్నాయి, చాలవు. ఆయన హెచ్ ఇండెక్స్ 5.

ఆ 240 సైటేషన్లున్నది ఆయన ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి, దస్తావేజులు తిరగేసి రాసిన పుస్తకం. రేపు దానికి ఇంకో వెయ్యి వచ్చి పడినా ఇండెక్స్ వీసమెత్తు కదలదు. జీవితమంతా ధారపోసి ఒకే ఒక్క మహాగ్రంథం రాసినవాడి హెచ్ ఇండెక్స్ ఒకటే, అందులోని ఒక్క వాక్యం కోసం లోకమంతా కొట్టుకు చచ్చినా సరే. అదే మన పండితుడి అయిదో పేపరుకొకటి, ఆరోదానికొకటి, వెరసి రెండంటే రెండు సైటేషన్లు పడితే ఇండెక్స్ 6 అవుతుంది. ఆ రెండూ ఆయన తన తర్వాతి పేపర్లో తానే వేసుకోవచ్చు. ‘మేము ఇదివరకే నిరూపించినట్టు’ అని ఒక వాక్యం రాసి, పక్కన రెండు పేర్లు ఇరికిస్తే పనైపోతుంది. అనుభవం లేనివాళ్లు తమ మంచి రచననే ఉదహరించుకుని సైటేషన్ వృథా చేస్తుంటారు. ఉదహరించాల్సింది గట్టు మీద ఊగిసలాడుతున్న నాసిరకం పేపర్లను.

ఇక దిగుబడి. ఒకే సర్వేను నాలుగు పేపర్లు చెయ్యాలి: స్త్రీలు, చదువు, వలస, ఆఖర్న ‘పద్ధతిపై కొన్ని ఆలోచనలు’. ప్రతి పేపరూ తన ముందువాటన్నిటినీ ఉదహరిస్తే మొదటిదానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1, నాలుగోదానికి 0. బయటివాడు ఒక్కడూ తొంగిచూడకుండానే హెచ్ ఇండెక్స్ 2 చేతికొచ్చింది. సహ రచయితలుంటే మరీ మంచిది. అయిదుగురు రాసినా సైటేషన్‌ను అయిదు వంతులు చెయ్యరు, అందరికీ పూర్తి వాటా. పరస్పర డబ్బాకు ఇంతకన్నా న్యాయమైన పంపకం ఉండదు.

ఎడిటర్ల అవసరాలూ కనిపెట్టి ఉండాలి. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, గత రెండేళ్లలో అది వేసిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. సామాజిక శాస్త్రాల్లో ఒక ఆలోచన జనంలోకి వెళ్లడానికే రెండేళ్లు చాలవన్నది వేరే సంగతి. ఆ జర్నల్లో 1998లో వచ్చిన అద్భుతమైన వ్యాసాన్ని మీరు ఉదహరిస్తే ఎడిటరుకు ఒరిగేదేమీ లేదు. నిరుడు వచ్చినదాన్నే పట్టుకోండి, విషయం కలవకపోయినా ఫరవాలేదు. 2012లో సైన్స్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. ఆర్థిక శాస్త్రం, సమాజ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, వ్యాపార శాస్త్రాలకు చెందిన 6,672 మంది జవాబులిచ్చారు. వ్యాసంలో లోటేమిటో చెప్పకుండా, మా జర్నల్ పేరు ఇంకొన్నిసార్లు రావాలని ఎడిటర్లు ఒత్తిడి పెట్టారన్నవాళ్లు దాదాపు అయిదింట ఒకరు. అడగకముందే పెట్టేవాళ్లను సర్వేలు లెక్కించవు.

తిట్టినా సైటేషనే. ‘ఈ వాదన ఆధారరహితం’ అని ఎవరన్నా రాస్తే మీ ఖాతాలో ఒకటి జమ. కొంచెం తప్పు రాస్తే ఎవరూ పట్టించుకోరు. నలుగురూ ఖండించక తప్పనంత భారీగా రాయాలి.

ఏ అంకె చూపించాలన్నది కూడా ఒక కళ. సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేసుల్లో వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ తాము ఎంచుకున్న జర్నళ్ల చుట్టూ తిరుగుతాయి. పుస్తకాలు, సొంత భాషలో రాసినవీ వాటికి సరిగా ఆనవు. పరిశోధన రచనల్ని వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ మాత్రం థీసిస్‌లనూ, నివేదికలనూ, దొరికిన పీడీఎఫ్‌నల్లా లెక్కలో వేస్తుంది కనక పరువు అక్కడే ఎక్కువ. ప్రొఫైల్లో కొత్త వ్యాసాలు వాటంతటవే చేరే సెట్టింగు పెట్టుకుంటే మీ పేరే ఉన్న ఏ గుండె వైద్యుడివో పేపర్లు వచ్చి చేరతాయి. తీసెయ్యడానికి తొందరేమీ లేదు. 2010లో సిరిల్ లాబే అనే ఫ్రెంచి కంప్యూటర్ శాస్త్రవేత్త, ఐక్ అంట్‌కారే అనే లేని మనిషిని సృష్టించి, యంత్రం అల్లిన నూట రెండు దొంగ పేపర్లతో హెచ్ ఇండెక్స్‌ను 94కు చేర్చాడు. ఐన్‌స్టైన్ కూడా వెనకబడ్డాడు. లేనివాడికే అంత వస్తే, ఉన్న మీరు ఎందుకు దిగులుపడాలి?

చదవకుండా ఉదహరిస్తే పట్టుబడతామన్న భయం కూడా అక్కర్లేదు. 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురి ఒక ప్రసిద్ధ భౌతికశాస్త్ర వ్యాసానికి వచ్చిన 4,300 సైటేషన్లను పరిశీలించారు. 196 చోట్ల అచ్చుతప్పులున్నాయి గానీ, తప్పుల రకాలు 45 మాత్రమే. ఒకే పేజీ నంబరు తప్పు 78 చోట్ల ప్రత్యక్షమైంది. ఒకరి చిట్టా చూసి ఇంకొకరు దింపుకున్నారన్నమాట. అసలు వ్యాసం చదివినవాళ్లు అయిదో వంతుంటారని వాళ్ల అంచనా. ఆ మాటకొస్తే అసలు వ్యాసమే ఉండక్కర్లేదు. ఆధారాల జాబితా ఎలా రాయాలో చూపడానికి ఒక పెద్ద ప్రచురణ సంస్థ తన నమూనాలో ఎన్నడూ అచ్చుకాని వ్యాసం పేరొకటి వేసింది. దాన్ని తీసెయ్యడం మరిచినవాళ్ల పుణ్యమా అని ఆ వ్యాసానికి వందల సైటేషన్లు వచ్చాయి. మనలో చాలామంది రాసి అచ్చువేసినవాటికి అన్ని రాలేదు.

పదోన్నతి కమిటీకి వెళ్లేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. నకళ్లు కలిసిపోయినప్పుడో, ఏదో వెబ్‌సైటు మూతబడినప్పుడో గూగుల్ స్కాలర్ అంకె చెప్పాపెట్టకుండా తగ్గుతుంది. పెరిగిన రోజే ప్రింటు తీసి, తేదీ వేసి దాచుకోండి. ఆ కాగితం తప్ప కమిటీ వారు కూడా ఇంకేమీ చదవరు.