ఎనిమిది వేల 58 సీసీ, యాభై వేల 50 సీసీ: చైన్ సా మెసేజ్‌కు జవాబు

చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి రైతుల గ్రూపుల్లో, కట్టెల అడితిల వాళ్ల గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దానికో వీడియో కూడా తగిలించారు. మెసేజ్ ఇది: “ఎనిమిది వేలకు 58 సీసీ చైన్ సా వస్తుంటే యాభై వేలు పోసి 50 సీసీది కొనేవాడు పిచ్చోడు. సీసీ ఎక్కువుంటే పవర్ ఎక్కువ. దుంగ ఎవరు ముందు కోశారో వీడియోలో చూడండి. పెద్ద కంపెనీల కొత్త మిషన్లలో కంప్యూటర్ పెట్టారు, అది మన దగ్గర పనికిరాదు. ఆయిల్ కాస్త ఎక్కువ కలిపితే ఏ మిషనైనా పదేళ్లు తిరుగుతుంది. పది మందికి పంపి రైతు డబ్బు మిగల్చండి.”

తోతాపురి ధర పడిపోయినప్పటి నుంచి ముసలి తోటలు తీసేద్దామా, కొమ్మలు కొట్టి కొత్త చిగురు పట్టిద్దామా అని ఆలోచించే రైతులు చాలామందే ఉన్నారు. మిషను కొనే ముందు వాళ్ల చేతికి ఈ మెసేజే వస్తోంది. అందుకే ఒక్కో మాటా తీసి చూడాల్సి వస్తోంది. అన్నీ అబద్ధాలని మాత్రం అనను.

“సీసీ ఎక్కువుంటే పవర్ ఎక్కువ.”

దీనికి వేరే కంపెనీతో పోలికే అక్కర్లేదు, ఒకే కంపెనీ లెక్కలు చాలు. స్టిల్ ఎంఎస్ 250 ఇంజన్ 45.4 సీసీ, పవర్ 2.3 కిలోవాట్లు. అదే కంపెనీ ఎంఎస్ 261 ఇంజన్ 50.2 సీసీ, పవర్ 3.0 కిలోవాట్లు. సీసీ పెరిగింది పది శాతం, పవర్ పెరిగింది ముప్పై శాతం. ఇంకా పైకి వెళ్లండి. ఎంఎస్ 362 అంటే 59 సీసీ, 3.5 కిలోవాట్లు. ఎంఎస్ 382 అంటే 72.2 సీసీ, 3.9 కిలోవాట్లు. ఇక్కడ 13 సీసీ పెరిగితే వచ్చింది 0.4 కిలోవాట్లే. సిలిండరులోకి మిశ్రమం ఎలా వెళ్తోంది, పొగ ఎలా బయటపడుతోంది, కంప్రెషన్ ఎంత, ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర బలం ఇస్తోంది అన్నవాటి మీద పవర్ ఆధారపడుతుంది. సీసీ అందులో ఒక భాగమే.

పైన చెప్పిన ఎంఎస్ 250 రైతుల కోసం చేసిన మిషను, ఎంఎస్ 261 రోజంతా కోత మీదే బతికేవాళ్ల కోసం చేసింది. రంగు ఒకటే, బొమ్మ ఒకటే, తరగతి వేరు. “మా దగ్గర బ్రాండెడ్ ఉంది, అది కూడా పోయింది” అనేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది మొదటి రకం. రోజువారీ కోతకు దాన్ని వాడి, పోయిందని కంపెనీని తిడితే ఏం లాభం?

ఇక ఆ 58 అనే అంకె సంగతి. సీసీ అంటే సిలిండర్ బోరు, పిస్టన్ నడిచే దూరం, ఈ రెండింటి లెక్క. బోరును బోరుతో గుణించి, స్ట్రోకుతో గుణించి, 0.7854తో గుణిస్తే వచ్చేదే సీసీ (అన్నీ సెంటీమీటర్లలో). ఇంకో పెద్ద కంపెనీ హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ మోడల్ బోరు 50 మి.మీ., స్ట్రోకు 36 మి.మీ. లెక్క వేస్తే 70.7 వస్తుంది, కంపెనీ రాసేదీ అంతే. చవక మిషన్ల స్పేర్ పార్టుల్లో 45.2 మి.మీ. సిలిండర్-పిస్టన్ కిట్టు ఒకటి దొరుకుతుంది. దాని డబ్బా మీద 52కూ సరిపోతుంది, 58కీ సరిపోతుంది అని రాసి అమ్ముతారు. ఆ బోరుతో నిజంగా 58 సీసీ రావాలంటే స్ట్రోకు 36 మి.మీ. దాటాలి. ప్లగ్ విప్పి, ఒక సన్నటి ప్లాస్టిక్ పుల్ల లోపల పెట్టి, తాడు మెల్లగా లాగి పిస్టన్ ఎంత దిగుతోందో కొలవండి. పుల్ల కొంచెం వాలుగా పోతుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంతకన్నా తేడా వస్తే స్టిక్కరుకు డబ్బు కట్టినట్టే.

“వీడియో చూడండి.”

చూశాను. ఆ వీడియో చూసి మిషను కొనేవాళ్లు తప్పక అడగాల్సినవి అందులో ఒక్కటీ లేవు. రెండింటికీ చైన్ కొత్తదేనా? రెండూ ఒకే పిచ్‌వా (పిచ్ అంటే చైన్ లింకుల మధ్య దూరం)? ఒకదానికి 22 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పట్టీ), రెండోదానికి 18 అంగుళాలది ఉంటే, ఆ పోలిక దేని గురించి? దుంగ ఏ చెట్టుది? పచ్చి మామిడి దుంగ ఏ మిషనుకైనా దారి ఇస్తుంది. ఎండిన చింత మొద్దు చేవలోకి పళ్లు దిగినప్పుడే మిషను సంగతి బయటపడుతుంది.

పైగా దుంగ ఒక చివర లావు, ఒక చివర సన్నం. లావు వైపు 30 సెంటీమీటర్ల అడ్డుకొలత, రెండో మిషను కోసే చోట 28 అనుకోండి. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ కోయాల్సిన మేర 13 శాతం తగ్గిపోయింది. రెండో మిషనుకు ఏ బలమూ లేకుండానే కొన్ని సెకన్లు కలిసొస్తాయి. నిజంగా పోల్చాలంటే రెండింటికీ ఒకే పొడవు బార్, ఒకే రకం కొత్త చైన్ పెట్టాలి. ఒకే దుంగ మీద పక్కపక్కనే ఒకటి మార్చి ఒకటి కోయాలి. తర్వాత చైన్లు తారుమారు చేసి మళ్లీ కోయాలి. ఫలితం మారిందంటే గెలిచింది ఇంజన్ కాదు, చైన్.

చైన్‌తో చేసే మోసం ఇంకొకటుంది. ప్రతి పన్ను ముందూ ఒక చిన్న గూటం ఉంటుంది, పన్ను ఎంత లోతుకు దిగాలో అది ఆపుతుంది. మామూలుగా అది పన్ను కొన కంటే 0.65 మి.మీ. కిందుగా ఉండాలి. దాన్ని ఇంకా అరగదీస్తే మిషను దుంగను కొరికేస్తున్నట్టు కనబడుతుంది. వీడియోకు బాగుంటుంది. పనిలో మాత్రం చైన్ పట్టుకుని గుంజుతుంది, బార్ కొన తగిలితే మిషను మొహం మీదికి ఎగిరే ప్రమాదం పెరుగుతుంది. మామిడి కొమ్మల మధ్య నిలబడి కోసేవాడికి ఇది ఆటకాదు.

దుంగకు తగలకముందు మిషను గర్రుమని అరవడం గురించి ఒక్క మాట. బరువు లేనప్పుడు ఏ మిషనైనా అరుస్తుంది. బార్ దుంగలో మునిగాక ఆ చప్పుడు ఎంత కిందికి పడుతోందో వినండి. నాకైతే అదే పరీక్ష.

“కంప్యూటర్ మిషను మన దగ్గర పనికిరాదు.”

స్టిల్ దీన్ని ఎం-ట్రానిక్ అంటుంది, హస్క్‌వర్నా ఆటోట్యూన్ అంటుంది. ఇంజన్ నడక చూసి పెట్రోలు ఎంత వెళ్లాలో మిషనే సర్దుకుంటుంది. మన దగ్గరే అది ఎక్కువ అవసరమని నా వాదన. కారణం పెట్రోల్ బంకులో ఉంది. ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక పాలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇరవై శాతం ఇథనాల్ ఉన్నదానికి 13.5 చుట్టుపక్కల చాలు. అంటే పాత పెట్రోలుకు బిగించిన కార్బొరేటర్‌తో నడిపితే ఇంజన్‌కు పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతుంది. మిషను వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. మే నెల ఎండలో రేణిగుంట దగ్గర నీలగిరి కోసేవాడికి ఇది చాలా దగ్గరి ప్రమాదం. కంప్యూటర్ మిషను ఈ తేడాను కొంతవరకు తనే సర్దుకుంటుంది. పెట్రోలును స్క్రూతో సర్దే మిషనైతే హై స్క్రూ (పూర్తి వేగంలో పెట్రోలు ఎంత వెళ్లాలో సర్దేది) కొంచెం తెరిచి మళ్లీ సరిచేసుకోవాలి, చేసేది తెలిసిన మెకానిక్ అయి ఉండాలి. ఘాట్ ఎక్కి పలమనేరు వైపు పనికి వెళ్లి మళ్లీ కిందికి దిగేవాళ్లకు గాలి పలచదనం కూడా మారుతుంది.

చాలా మాన్యువళ్లలో ఇథనాల్ పది శాతం దాటకూడదని రాసి ఉంటుంది. కాబట్టి ఏ మిషనైనా సరే, పని అయ్యాక ట్యాంకులో పెట్రోలు వదిలేయొద్దు. ఇథనాల్ చెమ్మ లాగుతుంది, రబ్బరు పైపులను, కార్బొరేటర్ పొరను దెబ్బతీస్తుంది.

మెసేజ్‌లో నిజం ఉన్న చోటు ఇదే: కంప్యూటర్ మిషను తేడా చేస్తే రోడ్డు పక్క మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో బాగుచేయలేడు. కంపెనీ పరికరం పెట్టి చూసే సర్వీసు ప్రతి మండలంలోనూ ఉండదు. దానికోసం ఊరు దాటాలంటే రోజు పని పోతుంది. అలాంటి చోట ఉండేవాళ్లు స్క్రూ కార్బొరేటర్ ఉన్న ప్రొఫెషనల్ మోడల్ కొనుక్కుంటే తప్పేం లేదు.

“ఆయిల్ ఎక్కువ కలిపితే పదేళ్లు తిరుగుతుంది.”

లీటరుకు 20 మి.లీ. అంటే ఒకటికి యాభై. మంచి టూ-స్ట్రోక్ ఆయిల్‌కు చాలా కంపెనీలు చెప్పేది ఇదే. మామూలు ఆయిల్ అయితే ఒకటికి ఇరవై ఐదు, అంటే 40 మి.లీ. వాడమని కొన్ని పాత మాన్యువళ్లలో ఉంది. అంతకు మించి పోస్తే ప్లగ్ నల్లబడుతుంది, సైలెన్సర్ దారిలో మసి గడ్డకడుతుంది. ఆయిల్ ఆక్రమించిన చోట పెట్రోలు ఆ మేరకు తగ్గుతుందని ఎవరూ గుర్తుంచుకోరు. బండ్లలో పోసే ఫోర్-స్ట్రోక్ ఇంజనాయిల్ కలపడం మాత్రం వద్దే వద్దు. నిజంగా మిషను ఆయుష్షు పెంచేవి వేరే ఉన్నాయి: సాయంత్రం ఎయిర్ ఫిల్టర్ దులపడం, బార్ ఆయిల్ ట్యాంకు ఎండిపోకుండా చూడటం, మొద్దుబారిన చైన్‌తో మిషనును నెట్టకపోవడం. సన్నటి రంపపు పొట్టు వస్తే పదును పోయిందని అర్థం, పలచటి పలుకులు రావాలి. ఆకురాయి సైజు చైన్‌ను బట్టి ఉంటుంది. .325 పిచ్‌కు 4.8 మి.మీ., 3/8కు 5.2 లేదా 5.5.

“రైతు డబ్బు మిగల్చండి.”

ఎవరి డబ్బు అన్నది ప్రశ్న. ఏడాదికి నాలుగు ఎండుకొమ్మలు, గాలికి పడిన ఒక వేపచెట్టు, అంతవరకే పనున్న రైతుకు ఎనిమిది వేల మిషను చాలు. దాని పార్టులు అన్నిచోట్లా చవగ్గా దొరుకుతాయి, ఇది మెసేజ్ చెప్పని మంచి మాట. 22 అంగుళాల బార్ తీసేసి చిన్నది పెట్టుకుంటే ఆ ఇంజన్‌కూ మీ చేతులకూ మంచిది.

రోజూ ఆరేడు గంటలు కోసే కూలీ సంగతి వేరు. ఎంఎస్ 261 హ్యాండిల్ దగ్గర వైబ్రేషన్ సెకనుకు సెకనుకు 3.5 మీటర్ల (m/s²) చుట్టూ ఉంటుంది. యూరప్‌లో ఎనిమిది గంటల పనికి చట్టం పెట్టిన గరిష్ఠ హద్దు 5. ఎక్కువ అదిరే మిషను ఏళ్ల తరబడి పట్టుకుంటే వేళ్లు తెల్లబడి స్పర్శ పోతుంది, ముదిరితే ఆ జబ్బు మళ్లీ పూర్తిగా తగ్గదు. చవక మిషను డబ్బా మీద ఈ అంకె ఉందేమో చూడండి. లేకపోతే షాపువాడిని బోరు, స్ట్రోకు, కిలోవాట్లు, వైబ్రేషన్, ఈ నాలుగూ బిల్లు మీద రాసివ్వమని అడగండి. రాయనంటే పక్క షాపుకు నడవండి.